గుర్తింపు నుంచి రక్షణ దాకా: అమెరికా స్థానిక సమాజాల వారసత్వ పరిరక్షణ, నెల్లూరు సీమ కట్టడాలు, శాసనాలు – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

చారిత్రక కట్టడాల పరిరక్షణ ప్రభుత్వ పురావస్తు శాఖల పని మాత్రమే అనే అభిప్రాయం మన సమాజంలో బలంగా ఉంది. అమెరికాలో ఈ బాధ్యతలో ప్రధానమైన భాగాన్ని ఊళ్లు, నగరాలు, స్థానిక సంఘాలు వహిస్తున్నాయి. అక్కడి అనుభవంలోని ముఖ్యాంశాలను పరిచయం చేసి, వాటి వెలుగులో తెలుగునేల మీది, ప్రత్యేకించి నెల్లూరు సీమలోని, రక్షణ పరిధికి బయట ఉన్న కట్టడాల స్థితిని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. పరిరక్షణకు తొలిమెట్టు జాబితా. నెల్లూరు సీమకు శాసనసంపుటాల రూపంలో 1905 నాటికే అటువంటి జాబితా ఏర్పడింది. దానిని తిరిగి గ్రామానికి చేర్చే పనిలో తెలుగు శాఖలకు ఉన్న పాత్రను ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: వారసత్వ పరిరక్షణ, జీర్ణోద్ధరణ, నెల్లూరు జిల్లా శాసనాలు, స్థానిక సంస్థలు, గ్రామ జాబితా, మనుబోలు.

1. ప్రవేశిక:

నెల్లూరు నుంచి గూడూరుకు వెళ్లే జాతీయ రహదారి మీద మనుబోలు ఉంది. చెన్నై వైపు సాగే రోడ్డు, రైలుమార్గం రెండూ ఈ ప్రాంతం గుండానే పోతాయి. తూర్పున కృష్ణపట్నం ఓడరేవు, దానిని ఆనుకొని విద్యుత్కేంద్రాలు వెలిశాయి. రోడ్లు వెడల్పయ్యాయి, భూముల విలువ పెరిగింది, ఊళ్లలో పాత ఇళ్ల స్థానంలో డాబాలు లేచాయి. ఈ మార్పును తప్పుపట్టవలసిన పని లేదు. అయితే మార్పులో ఏది పోతున్నదో లెక్క రాసుకొనే ఏర్పాటు మాత్రం లేదు.

కొన్నేళ్ల కిందట ఈ వ్యాసకర్త్రి శాసన సంపుటం నకలు పట్టుకొని ఈ పరిసరాల్లోని ఒక గ్రామానికి వెళ్లడం జరిగింది. గుడి ముందు ఒక రాతి మీద శాసనం ఉన్నదని సంపుటంలో ఉంది. గుడి దీపానికి ఇచ్చిన మాన్యం సంగతి అందులోని విషయం. గుడి ముందు రాయి కనిపించలేదు, నున్నటి సిమెంటు అరుగు కనిపించింది. అడిగితే ఊరి పెద్ద ఒకరు, "యాడికి పోతుందమ్మా, సిమెంటు కిందనే ఉండాది. గుడి బాగుచేసినప్పుడు ఎగుడుదిగుడుగా ఉందని చదును చేసినాం" అన్నారు. ఆయన మాటలో నిర్లక్ష్యం లేదు. తన వంతు చందా ఇచ్చి, దగ్గరుండి పని చేయించిన తృప్తి ఉంది. రాయిని కప్పినది శత్రువు కాదు, భక్తుడు. ఆ రాయి మీద ఏమున్నదో ఆయనకు ఎవరూ చదివి చెప్పలేదు.

ఈ సంఘటన లేవనెత్తే ప్రశ్న ఒకటే: ఒక కట్టడానికి విలువ ఉన్నదని పుస్తకంలో నమోదైన తర్వాత కూడా అది ఎందుకు నిలవడం లేదు? ఈ ప్రశ్నను అమెరికా సమాజాలు గత శతాబ్దంలో ఎదుర్కొన్న తీరును ముందుగా పరిశీలిద్దాం.

2. అమెరికా అనుభవం – స్థానికతే బలం:

అమెరికాలో చారిత్రక ప్రాంతాన్ని స్థానిక చట్టంతో రక్షించిన తొలి నగరంగా దక్షిణ కెరొలైనా రాష్ట్రంలోని చార్లెస్టన్‌ను చెబుతారు. 1931లో ఆ నగరపాలక సంస్థ పాత నగరభాగాన్ని చారిత్రక ప్రాంతంగా గుర్తించి, అక్కడి కట్టడాల బాహ్యరూపాన్ని మార్చాలంటే ఒక సంఘం అనుమతి పొందాలని నియమం చేసింది. ఒక్క కట్టడాన్ని గాక వీధిని, దాని మొత్తం స్వరూపాన్ని వారసత్వంగా చూడడం ఇందులోని కొత్తదనం.

జార్జియా రాష్ట్రంలోని సవానా నగర చరిత్ర మరింత ఆసక్తికరం. 1954లో అక్కడి పాత మార్కెట్ భవనాన్ని పడగొట్టి కార్లు నిలిపే కట్టడం కట్టారు. మరుసటి సంవత్సరం డావెన్‌పోర్ట్ గృహమనే పాత ఇంటికీ అదే గతి పట్టబోగా ఏడుగురు మహిళలు పూనుకొని డబ్బు కూడబెట్టి దానిని కొన్నారు. వారు స్థాపించిన 'హిస్టారిక్ సవానా ఫౌండేషన్' నగరంలోని పాత కట్టడాలను లెక్కించి, విలువను బట్టి శ్రేణులుగా విభజించి, జాబితా తయారు చేయించింది. కూలిపోయే దశలో ఉన్న ఇళ్లను కొని, బాగుచేసి ఉంటామని హామీ ఇచ్చినవారికి అమ్మి, ఆ డబ్బుతో మరొక ఇంటిని కొనే పద్ధతిని పాటించింది. ఇక్కడ మూడు మెట్లు స్పష్టంగా కనిపిస్తాయి: జాబితా, నిధి, వాడుక. ఇంట్లో మనుషులు నివసిస్తేనే ఇల్లు నిలుస్తుందన్న గ్రహింపు ఈ పద్ధతికి మూలం.

1963లో న్యూయార్క్‌లోని పెన్సిల్వేనియా రైల్వేస్టేషన్ కూల్చివేత మొదలైంది. ఆ నష్టం రేపిన ఆవేదన 1965లో ఆ నగరం చారిత్రక కట్టడాల రక్షణ చట్టాన్ని చేయడానికి తోడ్పడింది. 1966లో దేశం మొత్తానికి జాతీయ చారిత్రక పరిరక్షణ చట్టం వచ్చింది. దీని ద్వారా ఏర్పడిన జాతీయ పట్టికలో, సాధారణంగా 50 ఏళ్లు దాటిన, స్థానికంగా గాని రాష్ట్రస్థాయిలో గాని జాతీయస్థాయిలో గాని ప్రాముఖ్యం గల కట్టడాలు చేరుతాయి.

ఈ జాతీయ పట్టిక గురించి ఒక అపోహ సాధారణం. పట్టికలో చేరినంత మాత్రాన కట్టడానికి రక్షణ దొరకదు. ఫెడరల్ ప్రభుత్వ నిధులు, అనుమతులు ముడిపడని పక్షంలో ప్రైవేటు యజమాని తన ఇంటిని పడగొట్టుకోవడానికి ఆ పట్టిక అడ్డురాదు. అడ్డుపడగలిగేది నగరపాలక సంస్థ చేసిన స్థానిక నియమమే. అంటే జాతీయ పట్టిక గుర్తింపును ఇస్తుంది, స్థానిక నియమం రక్షణను ఇస్తుంది. ఈ అంతరాన్ని గుర్తించినందువల్లనే 1980లో చట్టాన్ని సవరించి, అర్హత గల స్థానిక ప్రభుత్వాలను పరిరక్షణలో భాగస్వాములుగా చేర్చుకొనే ఏర్పాటు చేశారు. రాష్ట్రానికి వచ్చే కేంద్ర పరిరక్షణ నిధిలో కనీసం 10 శాతం ఆ స్థానిక ప్రభుత్వాలకు అందాలి.

అమెరికా అనుభవాన్ని ఆదర్శంగా మాత్రమే చూడడం సరికాదు. ఎవరి చరిత్రను వారసత్వంగా లెక్కించాలన్న విషయంలో అక్కడ చాలాకాలం పక్షపాతం నడిచింది. శ్వేతజాతి సంపన్నుల భవనాలు జాబితాల్లో చేరగా, నల్లజాతివారి పేటలు పట్టణ పునర్నిర్మాణం పేరుతో నేలమట్టమయ్యాయి. 1991లో న్యూయార్క్‌లో ఒక ప్రభుత్వ భవనానికి పునాదులు తవ్వుతుండగా వలసకాలపు ఆఫ్రికన్ల శ్మశానవాటిక బయటపడింది. నల్లజాతి సమాజం పట్టుబట్టి పోరాడినందువల్లనే అక్కడి పనుల తీరు మారింది. 2006లో ఆ స్థలం జాతీయ స్మారకంగా ప్రకటితమైంది. జాబితాను ఎవరు రాస్తున్నారన్నది ఎంత ముఖ్యమో ఈ ఉదాహరణ తెలుపుతుంది.

3. మన చట్టాలు – వాటి పరిధి:

మన దేశంలో 1904 నాటి ప్రాచీన కట్టడాల పరిరక్షణ చట్టం, స్వాతంత్ర్యానంతరం 1958లో వచ్చిన చట్టం కేంద్ర రక్షణకు ఆధారాలు. 2010 సవరణ ద్వారా కేంద్రరక్షిత కట్టడం చుట్టూ 100 మీటర్లు నిషిద్ధ ప్రాంతంగా, ఆ పైన మరో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతంగా నిర్ణయమయ్యాయి. రాష్ట్ర స్థాయిలో 1960 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టం ఉంది. నియమాలు కఠినమైనవే గాని వాటి నీడ పడే కట్టడాలు కొద్ది. దేశం మొత్తంలో కేంద్రరక్షిత కట్టడాలు దాదాపు 3,700 మాత్రమే. అవి కూడా పూర్తిగా భద్రమని చెప్పలేము. 2013లో కాగ్ నివేదిక తాను తనిఖీ చేసిన 1,655 కట్టడాల్లో 92 కనిపించలేదని తెలిపింది.

ఈ జాబితాకు బయట ఉన్నవి లెక్కకు మిక్కిలి: ఊరి గుడులు, మండపాలు, కోనేళ్లు, బాటసారుల సత్రాలు, మండువా లోగిళ్లు, మసీదులు, దర్గాలు, చర్చిలు. వీటిలో ఆలయాలు చాలావరకు 1987 నాటి దేవాదాయ ధర్మాదాయ చట్టం కిందికి వస్తాయి. ఆ చట్టం ప్రధానంగా ఆలయ నిర్వహణకు, ఆస్తులకు సంబంధించినది. పేద ఆలయాల జీర్ణోద్ధరణకు సర్వశ్రేయోనిధి నుంచి సహాయం అందుతుంది. పని మొదలు కాకముందు ఆ గుడిలోని శాసనాలను, శిల్పాలను నమోదు చేసే అలవాటు మాత్రం దానికి సమానంగా పెరగలేదు.

నగరాలకు సంబంధించి హైదరాబాదు అనుభవం గమనార్హం. 1995లో పట్టణాభివృద్ధి సంస్థ నియమావళి కింద వారసత్వ కట్టడాల జాబితా ప్రకటితమైంది. 2015లో ఆ నియమాన్ని తొలగించారు. 2017లో తెలంగాణ వారసత్వ చట్టం వచ్చింది. శాసనసభకు కొత్త భవనం కట్టడానికి ఎర్రమంజిల్ భవనాన్ని తొలగించాలన్న నిర్ణయాన్ని 2019లో తెలంగాణ హైకోర్టు కొట్టివేసింది. పూర్వపు జాబితా ఒకటి ఉండడం, దానిని చేతపట్టుకొని పౌరులు న్యాయస్థానానికి వెళ్లడం ఆ భవనం నిలవడానికి తోడ్పడ్డాయి. గ్రామాలకు అటువంటి జాబితా లేదు.

4. తెలుగునేల మీది పాఠాలు:

నమోదు విలువను మనకు తొలుత నేర్పినది అమరావతి. 1797లో కాలిన్ మెకంజీ చూసేనాటికే అక్కడి స్తూపపు రాళ్లు కొత్త కట్టడాలకు తరలుతున్నాయి, సున్నం కోసం కాలుతున్నాయి. 1816లో ఆయన సహాయకులతో తిరిగివచ్చి శిల్పాలకు చిత్రాలు గీయించాడు. తర్వాతి దశాబ్దాల్లో తవ్వకాలు జరిగి ఫలకాలు మద్రాసుకు, లండనుకు చేరాయి. మెకంజీ చూసిన రాళ్లలో అనేకం నేడు ఎక్కడా లేవు. వాటికి మిగిలిన ఆధారం ఆ చిత్రాలే.

ఇరవయ్యో శతాబ్దంలో కృష్ణానది మీది ప్రాజెక్టులు మరొక పరీక్ష పెట్టాయి. నాగార్జునసాగర్ నీటిలో మునిగే లోయలో 1954 నుంచి 1960 వరకు విస్తృతంగా తవ్వకాలు జరిపి, ముఖ్యమైన కట్టడాలను కొండ మీదికి, కొన్నింటిని అనుపుకు తరలించి తిరిగి నిర్మించారు. శ్రీశైలం జలాశయం వల్ల ముంపుకు గురికానున్న కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి వెంట రాయి విప్పి, అంకెలు వేసి, అలంపురంలో నిలబెట్టారు. హనుమకొండ వేయిస్తంభాల గుడి కల్యాణమండపాన్ని 2006 ప్రాంతంలో విప్పగా, దీర్ఘకాలం పట్టినా 2024 మార్చిలో అది మళ్లీ తెరుచుకొంది. తొలుత రాళ్లను నమోదు చేయడం వల్లనే ఈ పునర్నిర్మాణాలు సాధ్యమయ్యాయి.

దీనికి భిన్నమైన ఉదాహరణలూ ఉన్నాయి. తిరుమలలో ఆలయానికి ఎదురుగా ఉన్న పదిహేనో శతాబ్దపు వేయికాళ్ల మండపాన్ని 2003లో తొలగించారు. శ్రీకాళహస్తిలో శ్రీకృష్ణదేవరాయలు 1516లో కట్టించిన గాలిగోపురం 2010 మే 26న కూలిపోయింది. ఆ స్థానంలో కొత్త గోపురం కట్టి 2017లో కుంభాభిషేకం చేశారు. భక్తుల దృష్టిలో గోపురం తిరిగి వచ్చింది. చరిత్ర దృష్టిలో వచ్చినది దాని ప్రతిరూపం. ఈ రెండు దృష్టులూ వాటి వాటి పరిధుల్లో న్యాయమైనవే. గుడి సజీవ ఆరాధనాస్థలం గనుక దానిని ప్రదర్శనశాలగా మార్చమనడం తగదు. ఆరాధన సాగుతూనే పాతరాయి నిలిచే మార్గం వెతకడం పరిరక్షణ పని.

5. జీర్ణోద్ధరణ – పదార్థం, పద్ధతి:

జీర్ణోద్ధరణ మన సంప్రదాయానికి కొత్త కాదు. మూలవిరాట్టు శక్తిని బాలాలయానికి తరలించి, పని ముగిశాక సంప్రోక్షణ చేసే విధానాన్ని ఆగమాలు నిర్దేశించాయి. పునరుద్ధరణ పుణ్యకార్యమని శాసనాలే చెబుతాయి. మారినది భావన కాదు, పదార్థం.

పాత కట్టడాల్లో గానుగలో ఆడించిన సున్నం వాడేవారు. సున్నపు గచ్చు గోడలోని తేమను బయటికి పోనిస్తుంది, కట్టడం కొద్దిగా కదిలినా తట్టుకొంటుంది. సిమెంటు గట్టిది, తేమను సులువుగా వదలదు. పాత ఇటుక, మెత్తని రాయి మీద సిమెంటు పూస్తే లోపలి తేమ సిమెంటును దాటలేక ఇటుకలోనే నిలిచి, అందులోని లవణాలు స్ఫటికాలుగా మారి ఇటుకను పొరలు పొరలుగా రాలుస్తాయి. ఉప్పుగాలి వీచే నెల్లూరు తీరంలో ఈ హాని మరీ ఎక్కువ. పైకి కొత్తగా కనిపించే గోడ లోపల పిండి అవుతూ ఉంటుంది.

రాతి కట్టడాలకు మరో ప్రమాదం శుభ్రం చేయడంలో ఉంది. గాలి ఒత్తిడితో ఇసుకను చిమ్మి రాతిని తోమితే శతాబ్దాల మకిలి గంటల్లో పోతుంది. దానితోపాటు రాతి పైపొర, అక్షరాల అంచులు కూడా పోతాయి. గుణింతపు గుర్తు అరిగితే పాఠం మారుతుంది, అంకె అరిగితే శకసంవత్సరం మారుతుంది. ఎనామెల్ రంగులు అక్షరపు గాడిని నింపివేస్తాయి. గ్రానైటు పలకలు అధిష్ఠానపు శాసనాన్ని పూర్తిగా కప్పివేస్తాయి. ఈ పనులకు బదులు మెత్తని కుంచె, మంచినీరు, సున్నపు గచ్చు వాడడం ఖర్చులో అసాధ్యమైనదేమీ కాదు. పని చేయించేవారికి ముందుగా చెప్పేవారు ఉండాలి.

6. శాసనసంపుటమే గ్రామ జాబితా:

సవానాలో తొలిమెట్టు జాబితా. నెల్లూరు సీమలో ఆ మెట్టు ఎప్పుడో కట్టి ఉంది. మెకంజీ కాలంలో కావలి సోదరులు, వారి సహాయకులు ఊరూరా తిరిగి కైఫీయత్తులు రాయించారు. 1905లో అలన్ బటర్‌వర్త్, వి. వేణుగోపాలచెట్టి కలిసి నెల్లూరు జిల్లా రాగి, రాతి శాసనాలను మూడు సంపుటాలుగా ప్రకటించారు. తాలూకాల వారీగా ఏర్పరచిన ఈ సంపుటాల్లో శాసనపాఠంతోపాటు అది ఏ ఊరిలో, గుడికి ఏ వైపున, ఏ రాతి మీద ఉన్నదో కూడా కనిపిస్తుంది. కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతాలు కూడా ఇందులో ఉన్నాయి. విక్రమసింహపురిని ఏలిన తెలుగు చోడుల చరిత్రకు, తిక్కన కాలపు నెల్లూరుకు ఇవి ప్రాథమిక ఆకరాలు. దక్షిణ తాలూకాల్లోని తమిళ శాసనాలు ఈ సీమ ద్విభాషాజీవనాన్ని చూపుతాయి.

మనం ఈ సంపుటాలను పాఠాల కోసం చదివాము. చిరునామాల కోసం చదవలేదు. ప్రతి శాసనం కింద ఉన్న స్థలవివరణను వరుసగా రాసుకొంటే అది నూరేళ్లకు పైబడిన వారసత్వ జాబితా అవుతుంది. దానిని పట్టుకొని ఊళ్లకు వెళితే ఏది నిలిచింది, ఏది కదిలింది, ఏది కప్పబడింది, ఏది పోయింది అన్నది తేలుతుంది.

ఈ పని తెలుగు పరిశోధకులది కాదని, పురావస్తు శాస్త్రజ్ఞులదని అనవచ్చు. కాని నన్నయకు పూర్వపు తెలుగు పద్యచరిత్ర మనకు తాళపత్రాల నుంచి రాలేదు, రాళ్ల నుంచి వచ్చింది. అద్దంకి శాసనంలోని తరువోజ, బెజవాడ శాసనంలోని మధ్యాక్కరలు, కుర్క్యాల బొమ్మలగుట్ట మీద జినవల్లభుడు చెక్కించిన కందపద్యాలు లేకపోతే మన ఛందశ్చరిత్ర తొలి ప్రకరణం ఖాళీ. ఆ రాళ్లు నిలవకపోతే కొత్త పఠనాలకు, పాఠ సవరణలకు అవకాశం ముగుస్తుంది. ముద్రిత పాఠం ఒకరి చదువు మాత్రమే. సందేహం వచ్చినప్పుడు తిరిగి చూడవలసినది రాయినే.

అమెరికా అనుభవం హెచ్చరించినట్లు, ఈ జాబితా ఆలయశాసనాలకే పరిమితం కారాదు. నెల్లూరు బారాషహీద్ దర్గా, 1840లో నెల్లూరుకు వచ్చిన అమెరికన్ బాప్టిస్టు మిషన్ నాటి కట్టడాలు, 1639లో మద్రాసు స్థలం సంపాదించడానికి ముందు ఇంగ్లీషు వర్తకులు స్థావరం ఏర్పరచుకొన్న దుర్గరాజపట్నం, దళితవాడల్లోని తొలి బడులు, మత్స్యకార గ్రామాల దేవతల గద్దెలు కూడా అందులో చేరాలి. శాసనం వేయించుకోగలిగిన స్తోమత లేనివారి చరిత్ర శాసనసంపుటంలో దొరకదు. దానికి మౌఖిక చరిత్ర సేకరణే మార్గం.

7. ప్రతిపాదనలు:

(అ) తెలుగు స్నాతకోత్తర విద్యార్థుల లఘుపరిశోధనలో భాగంగా ఒక్కొక్కరు ఒక్కొక్క గ్రామాన్ని తీసుకొని, సంపుటంలోని శాసనాల ప్రస్తుత స్థితిని ఛాయాచిత్రాలతో నమోదు చేయవచ్చు.

(ఆ) శాసనం ఉన్న ప్రతి గుడిలో దాని సారాంశాన్ని వాడుకభాషలో బోర్డు మీద రాసి పెట్టాలి. ఊరివారు చదవగలిగిన రాయిని ఊరివారే కాపాడుకొంటారు.

(ఇ) జీర్ణోద్ధరణ పనుల మంజూరుకు ముందు శాసనాల, శిల్పాల నమోదు పత్రం జతచేయాలన్న నియమం రావాలి. నమోదుకు స్థానిక కళాశాల సాయం తీసుకోవచ్చు.

(ఈ) రాజ్యాంగం పదకొండో షెడ్యూలులో సాంస్కృతిక కార్యకలాపాలు, సామాజిక ఆస్తుల నిర్వహణ పంచాయతీలకు అప్పగించదగిన అంశాలుగా ఉన్నాయి. గ్రామ వారసత్వ పట్టికను గ్రామసభ ఆమోదించి పంచాయతీ రికార్డులో చేర్చడం ఈ చట్రంలో ఇమిడే పనే.

8. ముగింపు:

అమెరికా చట్టాలను మన ఊళ్లకు యథాతథంగా తెచ్చుకోవడం సాధ్యం కాదు, అవసరమూ కాదు. అక్కడి ఆస్తిహక్కులు వేరు, ఇక్కడి ఆరాధనా సంప్రదాయం వేరు. గుర్తింపు వేరు, రక్షణ వేరు అన్న వివేకం మాత్రం రెండు చోట్లా ఒకటే. పైనుంచి వచ్చే గుర్తింపు కట్టడానికి గౌరవం ఇస్తుంది. దానిని నిలబెట్టేది కింద ఉన్న ఊరు.

ప్రవేశికలో పేర్కొన్న గ్రామానికి ఆ తర్వాత మరోసారి వెళ్లి, గుడి అరుగు మీదనే కూర్చొని సంపుటంలోని పాఠాన్ని చదివి వినిపించడం జరిగింది. దీపానికి మాన్యం ఇచ్చిన దాత పేరు, కొలత, హద్దులు వింటూ ఆ పెద్దాయన మధ్యలో ఆపి, హద్దుగా చెప్పిన చెరువు ఈనాటికీ ఆ పేరుతోనే ఉన్నదని చెప్పారు. సంపుటంలో లేని సమాచారం అది. సిమెంటు కింద రాయి ఇంకా ఉంది. పై పూతను జాగ్రత్తగా తొలగిస్తే అక్షరం దక్కే అవకాశమూ ఉంది. అందుకు కావలసిన అనుమతి ఢిల్లీ నుంచి రానక్కరలేదు. ఆ అరుగు మీద కూర్చొనేవారి నుంచి వస్తే చాలు. వారిని అడగడానికి వెళ్లవలసినది మనమే.